వెల్లకిల

జనవరిలో సెగెడ్ ఊరి ఆరుబయటి కొలను
పొయ్యి మీద మరిచిపోయిన ఎసరులా పొగలు కక్కుతుంది.
ఐదున్నరకల్లా గేటు తాళం తీస్తుంది ఎమ్యొకే.
అరవై రెండేళ్లు.
మంచు పడుతుందని రేడియో కంటే ముందే
ఆమె కుడి భుజం చెబుతుంది.

మిగతావాళ్లు పోయే చోటు చూసుకుంటూ ఈదుతారు.
ఆమెది వెల్లకిల ఈత.
వదిలేసి వచ్చిందే కళ్లెదుట,
చేరాల్సింది తల వెనక.
గోడకి ఐదు మీటర్ల ముందు తాడుకి రంగు జెండాలు,
అవి దాటాక నాలుగు బారలు.
ఐదోది వేశావా, బొప్పి.

పన్నెండో ఏట ఒక్క వేసవిలో మూడు బొప్పులు.
నాన్న మిరప గోదాములో బస్తాలు కుట్టేవాడు.
ఎర్రటి వేళ్లతో తల తడిమి
"గోడ తప్పేం లేదులే" అనేవాడు.
ఆ వేళ్లు తగిలి కళ్లు భగ్గుమనేవి.
ఏ మంట క్లోరిన్‌దో, ఏది నాన్నదో
ఇప్పటికీ విడదీసి చెప్పలేదు.

విదేశం ఒక్కసారే. వార్నా.
ఆరో స్థానం. పతకం బదులు
తిరుగు రైల్లో ఎవరో ఇచ్చిన గులాబీ జామ్ డబ్బా.
ఇరవై రెండో ఏట భుజం మీద కత్తి పడింది.
ఈతకి నీళ్లొదులుకుని
కొలను గుమ్మం దగ్గరే టికెట్లు చింపింది.

మిగిలింది జిల్లా రికార్డు,
వంద మీటర్లు, 1:02.38.
నీటి మీద రాత, అయినా
చెక్క పలక మీద నలభై ఏళ్లు నిలిచింది.

మొన్న పోటీల్లో నాలుగో వరసలో
గోడ పలక పని చెయ్యలేదు.
ముగ్గురి చేతి గడియారాలే దిక్కు,
వాటిలో నడిమిదే లెక్క.
పళ్ల డాక్టరుది 1:02.29.
లెక్కల మాస్టారుది 1:02.44.
"నీది?" అన్నాడు రిఫరీ.

చిన్నప్పట్నుంచీ నీళ్లు మింగిన మనిషి
అప్పుడు నీళ్లు నమిలింది.
బొటనవేలు ముందే నొక్కిందా,
పిల్ల చెయ్యి తగిలాకే నొక్కిందా?
గడియారం తిప్పి చూపించింది. 1:02.31.

పద్నాలుగేళ్ల విల్లో, పెదాలు నీలంగా,
"పలక మీద పాత పేరెవరిది?" అని అడిగింది.
"తువ్వాలు కప్పుకో ముందు" అంది ఎమ్యొకే.

రంగులతను నిచ్చెనెక్కి
"పాతది గీకెయ్యనా?" అన్నాడు.
"వద్దు. పైనే వేసెయ్."

ఇప్పుడు పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు
విల్లో పేరు కింద ఇంకేవో అక్షరాలు
బొప్పి కట్టినట్టు కనిపిస్తాయి.
అదీ, కొలను మధ్యలో
వెల్లకిలా తేలుతూ చూసేవాళ్లకి.