లంక ముక్క

టేబులు మీద పరిచే పొడుగు బొంతట,
దిండి రిసార్టోళ్లు అడిగారు.
"బొంత మీద అన్నమేంటే!" అని
పల్లాలమ్మ పిన్ని పడీపడీ నవ్వి
సూదికి దారమెక్కించింది.

పాత నీలం లుంగీ పరిచి గోదారంది.
ఆకుపచ్చ జాకెట్టు ముక్కని
లంకలా కత్తిరించి
అంచు గోటితో లోపలికి నొక్కి టాకాలేసింది.
దూది ఒకచోట గడ్డకట్టింది.
"ఇసక మేటలే, ఉండనీ."

పడమటొడ్డు దగ్గర మాత్రం
కుట్టు పక్కనే కుట్టు, మళ్లీ దాని మీదే కుట్టు.
"అంత దగ్గరగా దేనికి పిన్నీ,
ఎవరికి కనపడుద్ది?"

పోయినేడు వరదకి
అటేపే కోసుకుపోయింది
కౌలుకి చేసే అరటితోటా, తన పాకా.

దారం పంటితో తెంపి
ముక్కని పట్టుకుని గట్టిగా లాగింది.
ఊడి రాలేదు.
ఇంకోసారి లాగింది.