లోపలికి పీల్చే ఔను

సముద్రానికింకా తెల్లారని వేళ
దువార్నెనే రేవులో, సార్డీన్ డబ్బాల కర్మాగారంలో
నీలం టోపీలోకి జుట్టు దోపుకుని నిలబడతాను.
యాభై ఏడేళ్ళు నాకు.
కుతాయిసీలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని.
ఇక్కడ లెక్క ఒకటే:
డబ్బాకి ఆరు చేపలు, తోక ఇటొకటి, అటొకటి.

మొదట చేతికందిన మాట దాకోర్.
జేబులో ఒక్కటే నాణెం ఉన్న మనిషి
ఏ కొట్టుకెళ్ళినా దాన్నే తీసినట్టు
అన్నింటికీ అదే ఇచ్చాను.
ఆదివారం వస్తావా? దాకోర్.
పైకప్పు కారే గదికి నాలుగు వందలా? దాకోర్.
ఇక్కడ సంతకం? దాకోర్, దాకోర్.
ఒకసారి ఎవరో పేరడిగినా అదే అన్నానట.
మూడు రోజులు మదాం దాకోర్ అని పిలిచి
నాలుగో రోజు వాళ్ళే విసిగి మానేశారు.

మా జార్జియన్‌లో ఔనుకు మూడు మెట్లు.
పెద్దలకి దియాఖ్, అందరికీ కీ,
పొయ్యి దగ్గర చెల్లెలికి హో.
ఎవరితో ఏ మెట్టు మీద నిలబడాలో పసిపిల్లకీ తెలుసు.
ఇక్కడ ఔనులన్నీ
పొలుసుల్లా నేలంతా చెదిరి ఉన్నాయి,
జారిపడుతూ ఏరుకోవాలి.

కుడిపక్క బల్ల మారివోన్‌ది, ముప్పై ఏళ్ళుగా.
కత్తెర ఆడిస్తూనే చెప్పింది:
"సా మార్ష్, అంటే నడుస్తుంది.
షిఫ్టు మార్చుకుందామంటే అను."
నవ్వొచ్చింది. కాళ్ళు వాచి అడుగు పడని వేళ
నోరు మాత్రం నడుస్తుందంటోంది.
"తుతా ఫే, అది డాక్టరు దగ్గర,
నిటారుగా కూచుని."
ఎడమపక్క ఎనోరా, పంతొమ్మిదేళ్ళ పిల్ల, ముక్కుకి రింగు:
"అవన్నీ పాతవి! కారెమాఁ అను, గట్టిగా!"
అన్నాను. బల్ల చుట్టూ గొల్లుమన్నారు.
నా వయసుకి ఎర్ర బూట్లు తొడిగినట్టుందట.

నాకు నచ్చింది ఎవరూ నేర్పనిది.
మారివోన్ ఊ కొట్టే తీరు.
మాట బయటికి రాదు, లోపలికి పోతుంది.
పెదాల సందు నుంచి గాలి పీల్చి
వీ...
వేడి సూపు జుర్రినట్టు,
ఎదుటి మనిషి చెప్పే కష్టానికి
తన ఛాతీలో కాస్త జరిగి చోటిచ్చినట్టు.
రాత్రి అద్దం ముందు సాధన చేసి
దగ్గు తెచ్చుకున్నాను.

ఇక సి.
అదీ ఔనే, కానీ దానికి తలూపడం రాదు.
ఎవరైనా లేదన్నప్పుడు మాత్రమే
ఒరలోంచి తీయాలి.
మా మూడు మెట్లలో అలాంటిది లేదు.
మారివోన్ రెండు చేపల్ని ఎదురెదురుగా పెట్టింది.
ఇది 'నువ్వు తినలేదు' అంటుంది,
అది 'సి' అంటుంది.
తర్వాత రెండింటినీ ఒకే డబ్బాలో సర్దేసింది.

నవంబరు జీతాల రోజు
గాజుగదిలో కెర్వెల్లా గారు కాగితం తిప్పుతూ
"పదకొండో తారీఖు సెలవు. మీరు పని చెయ్యలేదు."
నాలిక మీదికి పాత నాణెమే వచ్చింది,
దా... దగ్గర ఆగింది.
ఆ రోజు వాన, ఆగిపోయిన బెల్టు,
చిటికెన వేలి మీద కోత.
"సి," అన్నాను.
ఆయన తలెత్తాడు.
"సి. పొద్దున ఐదు నుంచి ఒంటిగంట దాకా."
వెనక నుంచి ఎనోరా: సె క్లేర్.
ఇంకెవరో: తుతా ఫే, డాక్టరు దగ్గరలాగే నిటారుగా.
మారివోన్ ఏమీ అనలేదు.
గాలి పీల్చింది,
గదిలో అందరికీ వినపడేలా.

ఆ డబ్బు వచ్చే నెల వేస్తామన్నారు.
చూడాలి.

రాత్రి ఫోన్లో చెల్లెలు:
"అక్కడ నీకింకా అలవాటు కాలేదు కదూ?"
సి అనబోయాను, దానికర్థం కాదు.
హో అంటే, కాలేదని ఒప్పుకున్నట్టు.
కిటికీ అవతల పడవల తాళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్నాయి.
నెమ్మదిగా గాలి లోపలికి పీల్చాను.

"ఏమైందే, ఎక్కడ నొప్పి?" అంది.