నాలుగో రోజు గీతలు

డైనింగ్ టేబుల్ మీద పటం పరిచాం.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
ఉప్పు జాడీ, తహసీన్ కళ్లజోడు పెట్టె,
ఫిలోమినా తెచ్చిన ఉస్మానియా బిస్కెట్ల డబ్బా,
నా మోకాలి పట్టీ.

అయినా అంచులు రెపరెపలాడుతుంటే ఫ్యాను ఆపేశాం.
మే నెల. రామంతాపూర్. మూడో అంతస్తు.
చెమట చుక్క ఒకటి జారి
మంచునది మీద పడింది.
కొంగుతో అద్దుతూ ఫిలోమినా అంది:
"చూశావా, అప్పుడే కరుగుతోంది."

ముప్పై ఒక్క ఏళ్లు ఉప్పల్ సర్వే ఆఫీసులో
కొండల గీతలు గీశాను నేను.
గోధుమరంగు సిరా, సన్నని పాళీ.
గీతలు ఎడంగా ఉంటే చదును, ఒత్తుగా ఉంటే నిటారు.
వెంట్రుక వాసి తప్పినా
భూతద్దంలోంచి సూపరింటెండెంటు పెద్ద కన్ను.
ఎన్ని శిఖరాలు ఈ వేళ్ల కింద చుట్టలు చుట్టుకున్నాయో!
ఎక్కింది మాత్రం
ఆఫీసు మెట్లు, లిఫ్టు పాడైన రోజుల్లో.

ఏడు రాత్రులు, ఏడు విడిదులు.
"హట్ అంటే గుడిసే కదా నానీ,
గుడిసెకి ఇంత కిరాయా?" తహసీన్ మనవడు.
గుడిసె కాదురా, రాతిగోడల కొండసత్రం.
ఒకే గదిలో పన్నెండు మంది పడక.
సాయంత్రం ఏడుకి గంట కొడితే సూపు,
తొమ్మిదికి దీపాలు ఆర్పేస్తారు,
గురక ఎవరిదో తెల్లారాక ఎవరూ అడగరు.
నాణెం వేస్తే మూడు నిమిషాలు వేడినీళ్లు.
"మంజీర నల్లా కన్నా నయమే," ఫిలోమినా.

ఐదో రాత్రికి ఖాళీ దొరకలేదు.
మొత్తం దారినే ఒకరోజు వెనక్కి జరిపాం,
పెళ్లి ముహూర్తం జరిపినట్టు
అందరికీ ఫోన్లు చేసి.

మనిషికి ఎనిమిది కిలోలు. అంతకు మించొద్దు.
పాత పేపర్ల యాదయ్యని పైకి పిలిచి
అతని కొక్కెం త్రాసుకి సంచులు తగిలించాం.
నాది పదకొండున్నర.
"ఇనుమా మేడమ్?" అన్నాడు.
టూత్ బ్రష్‌లు సగానికి కోశాం.
ముగ్గురికీ ఒకటే దువ్వెన.
చింతకాయ తొక్కు సీసాలోంచి కవర్లోకి,
ఆ కవరు ఇంకో కవర్లోకి,
దాని మీద ఎవరికీ నమ్మకం లేదు.

నాలుగో రోజు దగ్గర పెన్సిలు ఆగింది.
అక్కడ గీతలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి
దాదాపు ఒకే గీత.
కనుమ దాటాక గొలుసులు పట్టుకుని దిగాలి.
తహసీన్ ఎడమ మోకాలు మాకు తెలుసు.
మౌలాలి గుట్ట దిగేటప్పుడు
మెట్టు మెట్టుకీ పక్కకి తిరుగుతుంది,
ఊరు చూస్తున్నట్టు.

"లోయలో బస్సుంది," అన్నాను
పటంలోంచి తల ఎత్తకుండా, ఆఫీసు గొంతుతో.
"నువ్వు కిందనుంచి రా, సాయంత్రానికి కలుస్తాం."

"బస్సు నక్కో."

అంతే.
చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి మునిగిపోయింది,
చెంచాతో తీయలేదు.
చేయి చాచి మూలనున్న పట్టీ ఎత్తింది,
రెండువేళ్లతో, ఎవరిదో దొరికిన జేబురుమాలులా.
"మరి ఇది ఎవరిది?"
పటం మూల చుట్టుకుపోయి
నాలుగో రోజుని కప్పేసింది.

నేను గీసిన అన్ని వేల గీతల్లో
ఒక్కదానిలోనూ ఎవరి మోకాలూ లేదు.

రాత్రి పది. సంచుల్లో కందిపప్పు పొట్లాలు.
"ఏడికి పోతున్నరమ్మా గింత రాత్రి?" వాచ్‌మన్ బాల్‌రాజ్.
"పైకి."
"లిఫ్టు నడుస్తుంది గద!"
ఐదంతస్తులు, ఎక్కడం దిగడం, ఆరుసార్లు.
నాలుగోసారి దిగుతూ తహసీన్ పక్కకి తిరిగింది.
నేనూ తిరిగాను.
ఇద్దరం గోడ మీద కరెంటు మీటర్లు చూస్తూ
మెట్టు తర్వాత మెట్టు దిగాం.
ఏదీ తేల్చలేదు. పెన్సిలు గీత అక్కడే ఆగి ఉంది.

పైన నీళ్లట్యాంకు దగ్గర
ఫిలోమినా గరిటెతో స్టీలుగిన్నె మీద గంట కొట్టింది:
"సూపు!"

చారే అది.
మిరియాలు ఎక్కువయ్యాయి.