మొండిగుల్ల

బ్యారేజీ గేట్లు దించిన మూడోనాటికి
కృష్ణ తన పక్కటెముకలు బయటపెట్టింది.
యనమలకుదురు దాటాక, తడి ఇసుకలో,
చెప్పులు చేతపట్టుకుని నడుస్తుంటే
మడమకు గట్టిగా తగిలింది.

గుల్లే అనుకున్నాను. ఏట్లో గుల్లలకేం కరువు!
విసిరేద్దామని చెయ్యెత్తాను, చెయ్యి ఒప్పుకోలేదు.
గుల్లంటే అప్పడమంత తేలిక.
ఇదేమో తూకపురాయిలా
అరచేతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి. సందులో గోరు దూరలేదు.
పైన గీతలు, ఒకదాన్నొకటి చుట్టుకుని,
ఒక్కచోటా చెదరలేదు.
ముప్ఫైరెండేళ్లు రిజిస్ట్రారాఫీసులో
జనం బొటనవేళ్లు పట్టుకుని సిరాలో అద్దినవాణ్ణి.
గీతలు చూస్తే ఇప్పటికీ
ఎవరిది, ఎడమదా కుడిదా అని అడగాలనిపిస్తుంది.

కట్ట మీద సోడాబండి సుభానీ
నిమ్మచెక్క పిండాడు దాని మీద.
"గుల్లయితే బుసబుసా పొంగాల బాబాయ్."
పొంగలేదు.
రసం జారి నా చొక్కా చేతిని తడిపింది.

పరంజ్యోతి మాస్టారు, కాలేజీలో రాళ్ల పాఠం చెప్పి రిటైరైనాయన,
భూతద్దం పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.
"ఇందులో సున్నం కొంచెం కొంచెంగా పోయింది,
ఆ ఖాళీలో రాయి కొంచెం కొంచెంగా చేరింది.
కాపురం ఖాళీ చెయ్యకుండా
ఇటుక తర్వాత ఇటుక మార్చినట్టు."
ఎన్నేళ్లది?
"మన వేళ్ల మీద లెక్కకి అందదు."
ఈ ఊరిదేనా?
"ఈ కొండలు ఇలాంటివి దాచుకోవు.
ఎగువెక్కణ్ణుంచో దొర్లుకుంటూ వచ్చుంటుంది."
మరి పేరు?
"చిప్పల కీలు దగ్గర పళ్లుంటాయి, అవి చూసి చెప్పాలి.
అంటే పగలగొట్టాలి."
సుత్తి ఆయన సొరుగులోనే ఉంది.
ఆయన తియ్యలేదు, నేనడగలేదు.

చీకటి పడేవేళ కృష్ణలంకలో
మీరాబీ బంకు ముందు ఆగాను, ఆకూవక్కకి.
ఆమె అమ్మవైపు వాళ్లంతా గుల్ల కాల్చి సున్నం చేసినవాళ్లు.
రాయి తీసుకుని నాలిక కొసకి తాకించి
తుపుక్కున ఊసింది.
"మొండిగుల్ల.
బట్టీ ఆరాక బూడిదలో ఒకటో రెండో మిగిలేయి ఇట్టాటియి.
ఎంత మంటేసినా సున్నం కావు.
మాయమ్మ తిట్టుకుంటా ఏట్లోకి ఇసిరేది."

తిరిగిస్తుంటే ఆమె బొటనవేలు చూశాను.
తెల్లగా, నున్నగా. ఒక్క గీత లేదు.
సున్నం తినేసింది.

ఇంటి కాగితానికి మూడుసార్లు వచ్చింది
మా ఆఫీసుకి ఈ మనిషి.
"ముద్ర పడట్లా, రేపు రా" అన్నది నేనే.
ఆమెకి గుర్తుందో లేదో,
వక్క మాత్రం గుప్పెడు వేసింది.

సిగరెట్టుపెట్టె అట్ట చింపి,
పాత దస్తూరీతో రాశాను:
పేరు, మొండిగుల్ల.
దొరికిన చోటు, యనమలకుదురు ఏటి ఇసుక.
గుర్తుపట్టినవారు, షేక్ మీరాబీ.
"నిశానీ వెయ్యి" అన్నాను.
"నీకేమన్నా పిచ్చా" అని నవ్వి
సున్నం డబ్బాలో వేలు ముంచి అద్దింది.

తెల్లటి మచ్చ. గీతల్లేవు.
తడి ఆరేదాకా
అట్టని ఊదుతూ అక్కడే నిలబడ్డాను.