ఆరు పాయింటు నాలుగు

కాగితం మీద ఆ అంకె చూసి
డాక్టరమ్మ కంటే ముందు నేనే నవ్వాను.
ఆరు పాయింటు నాలుగు.
మూడు నెలల నెత్తుటి పద్దు,
పైసా తేడా లేకుండా.
మహారాణిపేట నుంచి మల్కాపురం దాకా
బస్సులో ఆ కాగితాన్ని
బోనస్ కవరులా పట్టుకున్నాను.

నేను టగ్గు సరంగుని.
డాల్ఫిన్ కొండ ముక్కు కింద
ఆ ఇరుకు కాలవలోంచి
ఇరవై ఆరేళ్లుగా ఓడల్ని లోపలికి లాగుతున్నవాణ్ణి.
తాడు వదులైతే ఓడ గట్టుకి ఒరుగుతుంది.
అది నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా అన్న వదిలేశాడు తాడు.
పైడిరాజు. పూర్ణా మార్కెట్లో మూటలు మోసేవాడు.
మూడొందలున్నా నవ్వేవాడు, నాలుగొందలున్నా నవ్వేవాడు.
"సుగరు నా ఒంట్లో అద్దెకుంటంది తమ్ముడా,
కాళీ సెయ్యమంటే గొడవ."
చెప్పులో మేకు దిగి మూడు రోజులైనా తెలీలేదు.
నాలుగో రోజు మా వదినకి వాసన తెలిసింది.
కేజీహెచ్‌లో ముందు వేలు,
తర్వాత పాదం,
తర్వాత మోకాలి కిందంతా.
ఆఖర్న కళ్లు.
కిటికీ దగ్గర కూర్చుని
"ఇయాళ సముద్రం ఏ రంగురా" అని అడిగేవాడు.
ఏదో ఒక రంగు చెప్పేవాణ్ణి.

వాడి దినం భోజనాల్లో నేను బూరె ముట్టలేదు.

ఆ రోజు నుంచి బిగించాను.
అన్నం కొలిచే గిన్నె
నూకరత్నం చేతిలోంచి లాక్కున్నాను.
రోజుకి నాలుగుసార్లు పొడిచి పొడిచి
ఎడమ చేతి వేళ్లన్నీ జల్లెడ.
నూట పది చూస్తే సంతోషం,
తొంభై చూస్తే గర్వం,
డెబ్భై చూసిన రోజు
వీధిలో అందరికీ చెప్పాలనిపించింది.
కళ్ల డాక్టరు లోపలికి లైటు వేసి
"ఏ మచ్చా లేదు" అన్నాడు.
పాదం మీద దూది రాస్తే దూది తెలిసింది.
ఇది అబద్ధం కాదు.
ఈ లాభం నాది, ఎవరికీ తిరిగివ్వను.

కానీ మే నెల, పొద్దుటి షిఫ్టు.
నాకు గుర్తులేదు, వాళ్లు చెప్పిందే చెబుతున్నాను.
చేతులు వణికాయట.
నా కొడుకు వయసున్న ఎర్నిబాబుని
"అన్నా" అని పిలిచానట.
లాగమంటే ఆపానట, ఆపమంటే లాగానట.
బూతులు తిట్టానట.
నేను!
వెనక నలభై వేల టన్నుల ఓడ.
తాడు బిగిసి బిగిసి నీళ్లు కక్కిందట.
బిగిసిన తాడు తెగితే
ఎటు తిరిగి కొడుతుందో ఎవడూ చెప్పలేడు.
గురువులు అనేవాడి రెండు కాళ్లూ అలాగే పోయాయి,
సుగరు లేదు, ఏమీ లేదు,
ఇరవై మూడేళ్లు.

టిండాలు చుక్కాని అందుకున్నాడు.
ఎర్నిబాబు తన టీ గ్లాసు
గుక్కగుక్కగా నాచేత తాగించాడు.
పావుగంటకి నాకు తెల్లారింది.
కొండ ఎక్కడుండాలో అక్కడే ఉంది.
మీటరు మీద నలభై ఒకటి.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు.
"ఏడుంపావు చాలు మీకు. కొంచెం వదలండి."
వదలడమా?
అన్న కాలు వదులుగానే పోయింది కదమ్మా!
ఆవిడ పెన్నుకి మూత పెట్టింది.
"బిగించొద్దనడం లేదు.
రాత్రి సూది నాలుగు గీతలు తగ్గించండి.
ఆర్నెల్లు చుక్కాని ముట్టకండి."

ఇప్పుడు ఒడ్డు మీద గోడౌనులో
తాళ్లు లెక్కపెడుతున్నాను.
జేబులో బెల్లం ముక్క.
చొక్కా కొక్కేనికి తగిలిస్తే
చీమలు నాకంటే ముందు డ్యూటీ ఎక్కుతాయి.

మా ఊరి ఉక్క మీకు తెలుసు కదా.
కరెంటు పోయిన రాత్రి ఊరంతా ఒకటే చెమట.
అందులో సముద్రం పోయించిందేదో
సూది పోయించిందేదో ఎలా తెలియడం?
మూడు గంటలకి నూకరత్నం లేచి
నా మెడ వెనక అరచెయ్యి పెడుతుంది.
వెచ్చగా ఉంటే పడుకుంటుంది.
చల్లగా ఉంటే లైటు వేస్తుంది.

రాత్రి లైటు వెయ్యలేదు.
పొద్దున్న పొడిస్తే నూట నలభై ఎనిమిది.
మొహం చిట్లించాను.
ఆవిడేమీ అనలేదు.
కాళ్లు చాపమంది.
వేలూ వేలూ విడదీసి,
దీపం దగ్గరికి జరిపి,
ఎక్కడైనా మేకు దిగిందేమోనని వెతికింది.