ముప్పై ఏడో పేజీ

మార్చి నెలాఖరు. ఎచ్చెర్లలో
మా డిపార్టుమెంటు కిటికీ అవతల
హైవే మీద లారీలు పోతుంటాయి.
బల్ల మీద నలభై రెండు ఫీల్డ్‌వర్కు రికార్డులు,
అన్నిటికీ ఒకే గోధుమరంగు అట్ట,
అన్నిటికీ ఒకే మొదటి వాక్యం:
"సమాజసేవలో విశ్వవిద్యాలయాల పాత్ర ఎంతో ఉంది."
ఆ వాక్యం నేను చెప్పిందే.
పదకొండేళ్లుగా చెబుతున్నదే.

పైల ఢిల్లేశ్వరి రికార్డులో
ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగాను.
'లబ్ధిదారు సంతకం లేదా వేలిముద్ర' అన్న గడిలో
నల్లటి మరక.
గీతల్లేవు, సుడి లేదు.
చింతగింజ అద్దినట్టు నున్నగా
ఉత్త మరక.
"స్పష్టంగా లేదు. మళ్లీ తీసుకురా"
అని ఎర్రపెన్నుతో రాసి
పేజీ తిప్పాను.

లండ దాలమ్మ. అరవై నాలుగు. కాశీబుగ్గ.
జీడిపిక్కలు కొట్టడం ముప్పై ఒక్క ఏళ్లు.
బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా
జీడి రసం వేళ్లను తింటుంది.
మూడు నెలలుగా పింఛను మిషను
ఆవిడను పోల్చుకోవడం లేదు.

కింద దాలమ్మ మాట, ఉన్నదున్నట్టు:
"నాను నానే కానంటాది ఆ మిసను.
మరన్ని పిక్కలు ఎవులు కొట్టినారమ్మా?
మీ కాలేజీల పెద్ద పెద్ద పుస్తకాలుంటాయి గదా,
అందల ఏటి రాసుందో సూసి సెప్పు గుంటా."

ఢిల్లేశ్వరి చూసింది.
లైబ్రరీలో సాంఘిక భద్రత మూడు బీరువాలు.
వేలిముద్ర అరిగిపోయిన మనిషి మీద
ఒక్క పేరా దొరకలేదు.

(మా సెమినారుకొచ్చే పెద్దలకు
పలాస పప్పు పొట్లం ఇచ్చి పంపడం ఆనవాయితీ.
విరగనిది, తెల్లనిది, మొదటి రకం.
ఏరి తెచ్చేది నేనే.)

తర్వాతి తొమ్మిది పేజీల్లో సిద్ధాంతం లేదు.
జిగురుతో అంటించిన బస్సు టికెట్లున్నాయి.
మొదటిసారి సర్వర్ లేదు.
రెండోసారి కంటిపాప చూసే పరికరం
టెక్కలి పట్టుకెళ్లారు.
మూడోసారి పరికరం ఉంది,
దాలమ్మ కంట్లో పొర ఉంది.
"శుక్లం తీయించుకుని రమ్మన్నారు."
ఆ మాట కింద ఒక గీత.
గీత కింద చిన్న అక్షరాలతో:
"సార్, దీన్ని ఏ హెడ్డింగు కింద రాయాలి?"

నాకూ తెలీదమ్మా.
'పరిమితులు' అని ఒకటుంది,
అందరం చివర్లో మూడు ముక్కలు రాసేసి
చేతులు కడుక్కునే చోటు.

కంటి ఆపరేషన్ నాటి తేదీ చూశాను.
ఆ రోజు నా సబ్జెక్టులో ఇంటర్నల్.
ఢిల్లేశ్వరి పేరు ఎదుట
గైర్హాజరు వేసింది నేనే.
ఎందుకని అడగలేదు.

ఆఖరి పేజీలో రెండే వాక్యాలు.
"కట్టు విప్పారు, మిషను దగ్గరికి ఇంకో నెల ఆగాలి.
దాలమ్మ నన్ను పరకాయించి చూసి
ఇంత నల్లగున్నావేటే అని నవ్వింది."

ఐదైంది. గుమ్మం దగ్గర
హాజరు మిషను మీద బొటనవేలు పెట్టాను.
క్షణమైనా ఆలోచించలేదది.
పచ్చ దీపం. ధన్యవాదాలు.
ఎంత శుభ్రంగా ఉన్నాయో నా గీతలు,
ఇన్నేళ్లలో ఒక్కటీ అరగలేదు.

వెనక్కొచ్చి తాళం తీశాను.
ఎర్రపెన్ను రాత కొట్టేశాను,
కొట్టేసినా కనబడుతూనే ఉంది.
యాభైకి ఎంత వెయ్యాలో తోచక
గడి ఖాళీగా వదిలేసి
పొద్దున్న పలాస పాసింజరు ఎన్నింటికని
అటెండరు సింహాద్రిని అడిగాను.
"ఇన్‌స్పెక్షనా సార్?"
"కాదు, గైర్హాజరు" అన్నాను.
అర్థంకాక నన్నోసారి చూసి
"ఆమదాలవలసలో ఎక్కితే సీటు దొరకదు సార్,
నిలబడే వెళ్లాలి" అన్నాడు.