చన్నీళ్ళు

సినిమాలో సంవత్సరం రెండువేల తొంభై.
మాకు మాత్రం డెబ్భై నాలుగు, సెప్టెంబరు,
బ్రేమర్‌హాఫెన్ రేవు వెనక పాత సైకిల్ పందాల స్టేడియం.
మరుగుదొడ్ల పక్క గదిలో
రెండు వాషింగ్ మెషీన్లు, నేను.

కథ నాకెవరూ పూర్తిగా చెప్పలేదు.
దేశాలు పోయాయట, కంపెనీలు మిగిలాయట,
ఇనుప బంతి కోసం చక్రాల బూట్లేసుకుని
మనుషుల మీంచి మనుషులు దొర్లుకుపోతారట.
నాకు తెలిసిందల్లా చొక్కాలు.
రోజుకి నలభై నాలుగు.

సినిమా నెత్తురంటే బీట్‌రూట్ పాకం, మొక్కజొన్న పిండి.
వేడినీళ్ళు తగిలితే చాలు, చెప్పిన మాట వింటుంది.
బేకరీ కేకుల్ని వదిలేసి
ఊళ్ళో కందిరీగలన్నీ నా తొట్టి మీదే.

స్టాండ్సులో చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, పనిలేని నావికులు, పింఛనుదార్లు.
రోజుకి ముప్ఫై మార్కులు, ఒక సాసేజ్ రొట్టె.
మొదటి రోజు అరవమంటే సిగ్గుపడ్డారు.
మైకు కుర్రాడు బతిమాలుకున్నాడు,
"కొంచెం కోపంగా అమ్మా, ఇంకొంచెం!"
నాలుగో రోజుకి వాడు మైకు పక్కన పెట్టి
తీరిగ్గా సిగరెట్ కాల్చుకుంటున్నాడు.
మా పైవాటా టీడెమాన్ గారు,
పిల్లికి పాలు పొయ్యందే పడుకోని మనిషి,
"తొమ్మిదోవాణ్ణి తొక్కెయ్" అని అరిచి అరిచి
మెట్ల దగ్గర నాతో సైగలతో మాట్లాడింది.

ఆ సాయంత్రం తొమ్మిదో నంబరు చొక్కా మీద
కందిరీగ వాలలేదు.

అలవాటు కొద్దీ వేడినీళ్ళలో పడేశాను.
మరక గోధుమరంగుకి తిరిగి
దారం లోపలికి దిగిపోయింది.
మా అమ్మ కసాయికొట్టు ఏప్రన్లు ఉతికేది.
నెత్తురు చన్నీళ్ళకే లొంగుతుందే,
ఉప్పు వెయ్యి, తొందరపడకు, అనేది.
తొందరపడ్డాను.

డెట్లెఫ్ లిండర్ట్. కీల్ నుంచి వచ్చిన ఐస్ హాకీ కుర్రాడు.
మోకాలు. దవడ కూడానట.
అంబులెన్సు వచ్చేదాకా కెమెరా తిరుగుతూనే ఉందని
లైట్లవాడు బూట్లకేసి చూస్తూ చెప్పాడు.
మర్నాడు ఆ చొక్కా ఇంకొకడు తొడుక్కున్నాడు.
దర్శకుడు నా గదికొచ్చాడు, మొదటిసారి.
"భలే మరక! ఏ రంగు వాడావు?
మిగతావాటికీ ఇదే వెయ్యి."

వేసవికి సినిమా వచ్చింది.
టీడెమాన్ గారూ నేనూ టికెట్లు కొనుక్కునే వెళ్ళాం.
తొమ్మిదోవాడు పడ్డప్పుడు వెనక వరసలో ఈలలు.
తెర మీద జనం హోరు,
అందులో అందరికంటే పైన
బొంగురుపోతున్న ఒక ఆడగొంతు.

నా పక్క సీట్లో
పిప్పరమెంటు కాగితం చప్పుడు ఆగిపోయింది.